ఉదయగిరి మట్టిలో మెషిన్ ఎందుకు ఊరికే అరుస్తుంది? మెటల్ డిటెక్టర్ చరిత్ర, మన నెల్లూరు కుండ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక రైతుతో మొదలుపెడదాం. ఆయన పేరు ఎక్కడా రాయలేదు. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట పక్కన నాగలి దున్నుతున్నాడు. నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద ఒక కుండ. కుండలో బంగారు నాణేలు. అవి మన రాజులవి కావు. రోమ్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్ కాలంవి, అంటే అప్పటికే 1600 ఏళ్లు పైబడినవి!

తర్వాత ఏమైంది? ఆ రైతు వాటిని పాత బంగారం రేటుకి అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా వెనక్కి తెప్పించాడు. అప్పటి మద్రాసు గవర్నర్ అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రెండు తీసుకున్నాడు. 1787లో ఆయన రాసిన ఉత్తరం వల్లే ఈ కథ మనకి తెలిసింది. గుడి ఎవరిది, కుండ ఎందుకు దాచారు, ఆ ఇటుకలు ఏ కాలంవి? జవాబు లేదు. బంగారం దొరికింది, కథ పోయింది.

ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. మన ఆత్మకూరు, ఉదయగిరి వైపు "కోటలో మెషిన్ పెడితే బీప్ వచ్చిందంట, కింద నిధి ఉందంట" అనే మాట వినని వాళ్లు తక్కువ. కానీ ఆ బీప్ అంటే అసలు ఏంటి? నేను ఇంజనీరింగ్ చదివినోడిని కాబట్టి నాకు ముందు ఆ డౌటే వచ్చింది.

సింపుల్‌గా చెప్తా. డిటెక్టర్ కింద ఉండే రౌండ్ ప్లేట్‌ని కాయిల్ అంటారు. అందులో ఒక చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని కిందికి పంపుతుంది, ఇంకో చుట్ట వెనక్కి వచ్చేది వింటుంది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న కరెంట్ సుడులు పుడతాయి, వాటి వల్ల జవాబు కొంచెం లేటుగా వస్తుంది. మెషిన్ ఆ లేటుని కొలుస్తుంది. అంతే. దానికి బంగారం అంటే తెలీదు. దానికి తెలిసింది "ఏదో మారింది" అని మాత్రమే. మరి ఆ మార్పు లోహం వల్లా, మట్టి వల్లా, పైన పోయే కరెంటు తీగ వల్లా? ఈ మెషిన్ చరిత్ర మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1881 జులై 2. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. బుల్లెట్ ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక డిటెక్టర్ చేసుకుని వచ్చాడు. రెండోసారి పెట్టి చూస్తే ఒక చోట కాదు, ఒళ్లంతా సన్నగా మోగినట్టే ఉంది. తర్వాత తెలిసింది, పరుపులో స్టీలు తీగలు ఉన్నాయని! పైగా డాక్టర్ కుడివైపే వెతకనిచ్చాడు, బుల్లెట్ ఎడమవైపు ఉంది. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. మెషిన్ పనిచేసింది, చుట్టుపక్కల ఉన్నదే దాన్ని ముంచింది.

తర్వాత గెర్హార్డ్ ఫిషర్. విమానాలకి దారి చూపే రేడియో పరికరం మీద పనిచేస్తున్నాడు. కొన్ని చోట్ల అది తప్పు దిక్కు చూపిస్తోంది. వెతికితే ఆ చోట్ల లోహపు కట్టడాలు, లేదా ఖనిజాలున్న నేల ఉన్నాయి. ఇంకొకరైతే దాన్ని బగ్ అనుకుని వదిలేసేవాళ్లు. ఈయన ఆ బగ్‌నే ప్రొడక్ట్ చేశాడు. 1937లో పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి యోజెఫ్ కొసాట్‌స్కీ చేసిన మందుపాతర డిటెక్టర్లు 1942లో ఎల్ అలమైన్ ఎడారి దాకా వెళ్లాయి.

కానీ అసలు పరీక్ష ఆస్ట్రేలియా ఎర్రనేలలో ఎదురైంది. అక్కడి బంగారు పొలాల మట్టిలో ఇనుము ఎక్కువ. మామూలు మెషిన్ అడుగడుక్కీ కూసేది. అందుకే 'గ్రౌండ్ బ్యాలెన్స్' చాలా ముఖ్యమైంది. మట్టి ఇచ్చే జవాబుని ముందే నేర్చుకుని దాన్ని తీసేసి వినడం అన్నమాట. 1980లో అక్కడే విక్టోరియాలో 27 కిలోల బంగారు ముద్ద డిటెక్టర్‌తోనే దొరికింది, 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అంటారు. ఒక్క మాట గమనించండి. అది ఎవరో దాచిన నిధి కాదు, భూమిలో సహజంగా ఉన్న బంగారం.

సరే, మన దగ్గరికి వద్దాం. మా మావయ్య వాళ్ల పొలం ఆత్మకూరు దగ్గర. పోయిన ఏడాది మోటారు దగ్గర పనిచేస్తూ ఉంగరం పారేసుకున్నాడు. ఫ్రెండ్ దగ్గర డిటెక్టర్ అడిగి తీసుకెళ్లా. ఆన్ చేయగానే ఒకటే గోల. "ఏందబ్బయ్యా ఇది, నేలకి ఆనించకముందే కూస్తా ఉంది?" అన్నాడు మావయ్య. కరెక్ట్ పాయింట్ అదే! కాయిల్‌ని గాల్లో కదలకుండా పట్టుకున్నా కూస్తోందంటే అది మట్టి గోల కాదు, కరెంటు గోల. పైన లైన్ పోతోంది, పక్కన మోటారు తిరుగుతోంది, నా జేబులో ఫోన్ ఉంది. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి దూరంగా గట్టు మీద పెట్టా. "మావయ్యా, స్టార్టర్ ఆపు" అన్నా. సగం గోల పోయింది. మెషిన్‌లో ఫ్రీక్వెన్సీ కొంచెం మార్చే ఆప్షన్ ఉంటుంది, 'నాయిస్ క్యాన్సిల్' అంటారు. అది చేశాక దాదాపు నిశ్శబ్దం.

అప్పుడు నేల మీద ఊపితే మళ్లీ గోల. ఇది వేరే గోల, కాయిల్ కిందికి దించినప్పుడే వస్తుంది. ఇది మట్టిది. లోహం లేని చోటు చూసి కాయిల్‌ని నేలకి దగ్గరగా, దూరంగా పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించాలి. మెషిన్ ఆ మట్టిని నేర్చుకుంటుంది. పది అడుగులు పోయాక మట్టి రంగు మారితే మళ్లీ చేయాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. సెన్సిటివిటీ ఫుల్‌గా పెడితే లోతుగా కనిపెడుతుంది అనుకుంటారు. కాదు. పెళ్లి మైకు దగ్గర నిలబడి మాట వినపడలేదని చెవి మిషన్ వాల్యూమ్ పెంచినట్టు ఉంటుంది. మాటతో పాటు గోల కూడా పెరుగుతుంది. తగ్గిస్తేనే వినపడుతుంది. చిన్న కాయిల్ కూడా మంచిదే, ఒకేసారి తక్కువ మట్టిని చూస్తుంది. ఇక నిజమైన లోహం అయితే అటు నుంచి ఊపినా, అడ్డంగా తిరిగి ఊపినా అదే చోట పలుకుతుంది. గంటన్నరకి ఉంగరం దొరికింది, రెండంగుళాల లోతులో. అంతకుముందు దొరికినవి: మూడు నట్లు, ఒక సీసా మూత, తీగ ముక్కలు.

ఇప్పుడు ఇదే మెషిన్‌ని ఉదయగిరి కోట దగ్గర ఊహించుకోండి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండ మీదికి వచ్చాడు. కోట గజపతులది. ముట్టడి ఏడాదికి పైగా సాగి 1514లో లొంగింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఇన్ని వందల ఏళ్లు మనుషులు ఉన్న చోట నేలలో ఏముంటుంది? మేకులు, లాడాలు, విరిగిన ఇనుము. ఇంకా ముఖ్యమైనది, కాలిన మట్టి. ఇనుము ఉన్న మట్టిని కాలిస్తే దాని అయస్కాంత గుణం పెరుగుతుంది. అందుకే పాత ఇటుక, పెంకు, పొయ్యి ఉన్న చోటు, బట్టీ ఉన్న చోటు, ఇవన్నీ మెషిన్‌ని పలికించగలవు. అంటే "గుడి గోడ కింద బీప్ వచ్చింది" అన్నప్పుడు ఆ బీప్ ఆ గోడదే కావచ్చు! నిధి కోసం పగలగొట్టిన ఇటుకే సిగ్నల్ ఇచ్చిందన్నమాట.

పురావస్తు శాస్త్రవేత్తలు ఇదే గుణాన్ని వాడతారు. మాగ్నెటోమీటర్‌తో నేల మీద నడిచి, ఒక్క గుంత కూడా తవ్వకుండా బట్టీలు, గోడలు ఎక్కడున్నాయో మ్యాప్ గీస్తారు. మనం గోల అని తీసేసేది వాళ్లకి చరిత్ర.

చట్టం కూడా చెప్పేస్తా. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. చెబితే, హక్కుదారు ఎవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకుంటే డబ్బు కట్టిస్తుంది. ఇక రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ సెట్టింగులన్నీ మీ సొంత పొలంలో పోయిన ఉంగరానికి, పూడిపోయిన పైపులైనుకి. కోటకి కాదు.

మళ్లీ ఆ కుండ దగ్గరికి వద్దాం. ఆ రైతుని నేను తప్పుపట్టను. ఆయనకి చెప్పేవాళ్లు లేరు, చట్టం లేదు, ఫోన్ లేదు. మన జేబులో కెమెరా ఉంది, లొకేషన్ ఉంది. ఏదైనా బయటపడితే కదిలించకుండా ఫోటో తీసి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా అచ్చయ్యాయంటే, ఆ రాళ్లూ రాగి రేకులూ ఎవరూ పగలగొట్టకుండా, కరిగించకుండా మిగిల్చారు కాబట్టే.

ఉదయగిరి పేరు చెప్తే ఇప్పుడు జనానికి గుర్తొచ్చేది చెక్క గరిటెలు, చెంచాలు. వాటిని ఏ డిటెక్టరూ కనిపెట్టలేదు. ఆ ఊరి రాతి గోడల్నీ, శాసనాల్నీ కూడా అంతే. ఈసారి కోటకి వెళ్తే మెషిన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, కళ్లు తీసుకెళ్లండి.

మీ ఊళ్లో ఇలాంటి "నిధి" కథ ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.