అప్పుల ఇంట్లో పుట్టిన ఊరి కథలు

1797లో, పదో పుట్టినరోజుకి ఆంగ్ల రచయిత్రి మేరీ రస్సెల్ మిట్‌ఫర్డ్ ఎంచుకున్న లాటరీ టికెట్టుకి 20,000 పౌండ్లు వచ్చాయి. తండ్రి డాక్టరు. మంచి మాటకారి, పేకాటరాయుడు కూడా. రెడింగ్ పట్నం దగ్గర పెద్ద భవంతి కట్టించాడు, మిగిలింది జూదంలో పోగొట్టాడు. 1820 నాటికి భవంతీ చేజారింది. తల్లీ తండ్రీ కూతురూ త్రీ మైల్ క్రాస్ అనే పల్లెలో, రోడ్డు వారగా ఉన్న ఓ ఇరుకింట్లో చేరారు. ముగ్గుర్నీ పోషించాల్సిన భారం ముప్పై రెండేళ్ల మేరీ కలం మీద పడింది.

లండన్ రంగస్థలానికి విషాద నాటకాలు రాసింది. అవి ఎప్పుడు ఆడతారో, డబ్బెప్పుడు చేతికొస్తుందో తెలిసేది కాదు. ఆ మధ్యలో ఇల్లు గడవాలిగా. అందుకని రోజూ కుక్కని వెంటేసుకుని తిరిగే దారుల గురించే చిన్న చిన్న వచన రచనలు చేసింది. థామస్ కాంప్‌బెల్ అనే పేరున్న కవి తన పత్రికకి అవి తగవని తిప్పి పంపాడు. లేడీస్ మ్యాగజైన్ వేసుకుంది. 1824లో ‘అవర్ విలేజ్’ పేరుతో పుస్తకమై, 1832 నాటికి ఐదు సంపుటాలైంది.

ఆమె చేసిన కొత్త పని చూడండి. మొదటి రచనలోనే మనల్ని వీధి వెంట నడిపిస్తుంది. చెప్పులు కుట్టేవాడి ఇల్లు, కమ్మరి కొలిమి, అన్నీ అమ్మే కొట్టు, సత్రం. నాయకుడు లేడు, ప్రతినాయకుడూ లేడు. వయొలెట్ పూలు ఏరుకోవడం ఓ రచన, పక్క ఊరితో క్రికెట్ పందెం ఇంకో రచన. అప్పులవాళ్ల బెడద మాత్రం ఎక్కడా కనిపించదు. దీన్ని పలాయనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంట్లో అంత గుబులు పెట్టుకుని కూడా ఏ గట్టు మీద ఏ పువ్వు పూసిందో అంత శ్రద్ధగా చూడటానికి గుండె నిబ్బరం కావాలి.

ఈ వీధిలోకి కథని తెచ్చింది నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్. తాను పెరిగిన నట్స్‌ఫర్డ్‌ని తలచుకుని 1851 డిసెంబరులో డికెన్స్ వారపత్రికకి ఒకే ఒక్క రచన ఇద్దామనుకుంది. అదే పెరిగి 1853లో ‘క్రాన్‌ఫర్డ్’ నవలైంది. అందులో నాకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. బ్యాంకు మునిగి ముఖ్యపాత్ర మిస్ మాటీ సొమ్మంతా పోతుంది. అంతంత మాత్రం రాబడితో బతికే స్నేహితురాళ్లు తమకున్నదాంట్లోంచి తలా కొంత తీసి, ఆమెకి తెలియకుండా సాయం చేస్తారు. ఆమె ఇంట్లోనే టీ పొడి అమ్మకం పెట్టాలి. ముందు ఊళ్లో కొట్టతని దగ్గరికి వెళ్లి, మీ బేరం దెబ్బతింటుందేమోనని అడిగి వస్తుంది. మేలురకం టీ కావాలంటే మిస్ మాటీ దగ్గరే దొరుకుతుందని అతనే గిరాకీని ఆమె ఇంటికి పంపుతాడు. ఇలాంటి ఊరి కథల్లో పెద్ద సంఘటన అంటే ఇదే. నాలుగోసారి చదివినా గొంతు పూడుకుపోతుంది.

శతాబ్దం తర్వాత డోరా సెయింట్ అనే ఉపాధ్యాయురాలు, తల్లి పుట్టింటి పేరు తీసుకుని ‘మిస్ రీడ్’గా 1955లో ‘విలేజ్ స్కూల్’ రాసింది. ఆమె స్థిరపడింది కూడా మిట్‌ఫర్డ్ నడిచిన బర్క్‌షైర్‌లోనే. ఆ నవలలో బడి ఊడ్చే మిసెస్ ప్రింగిల్‌కి కోపం వచ్చినప్పుడల్లా కాలినొప్పి కూడా వస్తుంది. పిల్లల బురద బూట్లని, పొయ్యి చుట్టూ రాలే బొగ్గు నుసిని తిట్టుకుంటూనే ఆ పొయ్యిని తళతళలాడేలా తోముతుంది. నలభై ఏళ్లపాటు వచ్చిన ఆ వరుస పుస్తకాల్లో కథ చెప్పే పంతులమ్మ రిటైరవుతుంది గానీ, మిసెస్ ప్రింగిల్ సణుగుడు ఆగదు. ఆగకూడదనే పాఠకుల కోరిక కూడాను.