టాప్ ఫ్లోర్ వేడి: బిల్లు మనది, స్లాబ్ బిల్డర్‌ది

టాప్ ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లకి టైటిల్ చూడగానే విషయం అర్థమైపోయి ఉంటుంది. మే నెలలో రాత్రి పదకొండైనా స్లాబ్ నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఆ స్లాబ్ మీద ఇన్సులేషన్ వేయించాల్సింది బిల్డర్. వేయించకపోతే ఆ డబ్బు ఆయనకి మిగులుతుంది, ఏసీ బిల్లు మాత్రం మనం కడతాం. అందుకే ఇక్కడ రూల్ కావాలి. మరి ఆ రూల్ ఎప్పుడొచ్చింది?

2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద వచ్చిందే బీఈఈ. మీ ఫ్రిజ్ మీద స్టార్లు ఉంటాయి కదా, అవి వీళ్లవే. 2007లో వీళ్లు బిల్డింగులకి ఒక కోడ్ తెచ్చారు, పేరు ఈసీబీసీ. గోడ, పైకప్పు, అద్దాలు, లైట్లు, ఏసీ అన్నిటికీ కనీస ప్రమాణాలు పెట్టారు. కానీ అది పెద్ద కమర్షియల్ బిల్డింగులకే. అదీ తప్పనిసరి కాదు. రాష్ట్రం నోటిఫై చేసి, బిల్డింగ్ రూల్స్‌లో కలిపితేనే పని చేస్తుంది.

టెక్నాలజీ లేక ఆగిందా అంటే, అదేం కాదు. 2003లోనే హైటెక్ సిటీ దగ్గర సీఐఐ–గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. అమెరికా బయట అదే మొదటిది! మధ్యలో ఖాళీ ఆవరణ, మిద్దె మీద గడ్డి, ఎండని వడకట్టే జాలీ గోడలు. మన తాతల మండువా ఇల్లు గుర్తొస్తుంది నాకైతే.

ఆ బిల్డింగ్ ఉన్న రాష్ట్రంలోనే కోడ్ తప్పనిసరి కావడానికి 2014 జనవరి దాకా పట్టింది. కొన్ని నెలలకే రాష్ట్రం రెండయింది. రెండు చోట్లా కోడ్ కొనసాగింది.

ఇళ్ల సంగతి ఇంకా లేటు. 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. మనలాంటి వేడి ప్రాంతాల్లో గోడలు, కిటికీల నుంచి లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకి సగటున 15 వాట్లు దాటకూడదు అంటుంది. పైకప్పుకి వేరే లిమిట్ ఉంది. 2022లో చట్టాన్ని సవరించి పెద్ద రెసిడెన్షియల్ బిల్డింగుల్ని కూడా కోడ్ పరిధిలోకి తెచ్చారు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కొత్త ఇళ్లలో 600 గజాలు, ఆపైన ఉన్న ప్లాట్లకి అది తప్పనిసరి. అంతకన్నా తక్కువైతే మీ ఇష్టం. మన కాలనీల్లో ఎక్కువగా కనిపించేవి 100, 150, 200 గజాల ప్లాట్లు. ఆ ఇళ్ల పై వాటాలో ఉన్నవాళ్లు మాత్రం తెల్ల పెయింట్ కోసం ఇప్పటికీ ఓనర్‌నే బతిమాలుకోవాలి.