పాలకూర ఆకు పట్టిచ్చిన పొగ

ఆకు మీద మచ్చ కనబడితే పురుగా, తెగులా, జింకు లోపమా అని చూస్తాం. గాలిని మాత్రం అనుమానించం. బండ్ల పొగ పంటను కాలుస్తుందని తేలడానికి దారి చూపింది కూరగాయ రైతుల నష్టమే. ఆ కథ ఇది.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్. 1943 జులైలో ఊరిని ఘాటు పొగ కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. నింద ఒక రబ్బరు సరుకు ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని ఆపించారు. పొగ ఆగలేదు.

ఊరి చుట్టూ పొలాల్లో ఇంకో వింత. పాలకూర, లెట్యూస్, బీట్‌రూట్ ఆకుల అడుగున వెండి పూత పూసినట్టు మెరుపు, తర్వాత కంచు రంగు. ఆకే సరుకైన పంట గదా, మచ్చ పడితే ఎవరు కొంటారు?

ఏరీ హాగెన్-స్మిట్ అని ఒక రసాయన శాస్త్రవేత్త, అప్పటిదాకా అనాసపండు వాసన మీద పనిచేసినాయన, ఈ ఆకుల సంగతి పట్టుకున్నారు. పెట్రోలు ఆవిరి, ఓజోన్ కలిపి పాలకూర, బీట్‌రూట్, లూసర్న్ మొక్కల మీదికి వదిలారు. పొలంలో పడ్డ మచ్చలే పడ్డాయి. 1952లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

జరిగేది ఇదీ. గాలిలో 78 శాతం నత్రజనే. ఊరికే ఉన్నంతసేపు ఎవరి జోలికీ రాదు. ఇంజను వేడికి ఆక్సిజన్‌తో కలిసిందా, నత్రజని ఆక్సైడ్లు పుడతాయి. వాటికి ఎండ, పెట్రోలు ఆవిరి తోడైతే ఓజోన్ తయారవుతుంది. పాన్ అనే ఇంకో విషమూ పుడుతుంది. మన కిళ్లీ కాదు సుమా! ఆకుల అడుగున వెండి పూత దాని పనే అని తర్వాత తేలింది. ఈ పాన్ చల్లగాలిలో చెడకుండా చాలా దూరం పోతుంది. వేడి తగలగానే విడిపోయి, అక్కడ మళ్లీ ఓజోన్‌కు ముడిసరుకు అవుతుంది. అందుకే పట్నం పొగ పొలిమేర దగ్గర ఆగదు.

చమురు కంపెనీలు ఆయన మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కొత్త కార్లు వదిలే నత్రజని ఆక్సైడ్లకు కాలిఫోర్నియా హద్దు పెట్టేసరికి 1971 వచ్చింది. ఆకు సాక్ష్యం చెప్పాక దాదాపు ఇరవై ఏళ్లు!

ఇక మన సంగతి. 2014లో వచ్చిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, ఓజోన్ వల్ల 2005లో మన దేశం సుమారు 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి పోగొట్టుకుంది. వానకు పోయిన పంటకు అధికారులొచ్చి లెక్క రాసుకుంటారు. గాలికి పోయిన పంట లెక్క రాసినవాళ్లను మీరెప్పుడైనా చూశారా?

మన వంతూ కొంత ఉంది. గడ్డి తగలబెట్టినా ఆ ఆక్సైడ్లే లేస్తాయి. యూరియా అతిగా వేసిన నేల నుంచీ కొంత పోతుంది. అది మన డబ్బే.

ముదురాకుల పైభాగాన సన్నటి చుక్కలుండి, పురుగూ తెగులూ దొరక్కపోతే వెంటనే మందు కొట్టకండి. ఓజోన్ దెబ్బను ఏ మందూ మాన్పదు. ఆ ఆకును వ్యవసాయ అధికారికి చూపించండి. లాస్ ఏంజెలెస్‌లో కథ మొదలైంది అలాంటి ఆకుతోనే.