మా జిల్లాకు కోత మిషన్ ఎలా వచ్చింది

కోలారు అంటే బయటివాళ్లకు బంగారం. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల పని మొదలుపెట్టింది, 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇవన్నీ మనం చదువుకున్నవే. కానీ ఈ జిల్లాలో జాస్తి మందిని బతికించింది రాగి. ఆ రాగి కోత చరిత్రను మా అవ్వను అడిగి, మిషన్‌తో మా ఊరికి వచ్చినవాళ్లను అడిగి రాస్తున్నాను.

అవ్వ చిన్నప్పుడు కోతకు ముయ్యి ఉండేది. ఈ రోజు మీ చేను కోస్తే రేపు మా చేను కోయాలి, డబ్బు మాట లేదు. చేను పెద్దదైతే పక్క ఊళ్ల నుంచి గుంపులు వచ్చి గుత్తకు కోసేవాళ్లు. కోసిన రాగిని కొన్నాళ్లు చేలోనే ఆరనిచ్చి, మోపులు కట్టి, వామి వేసేవాళ్లు. తీరిక దొరికినప్పుడు కళ్లంలో పరిచి ఎద్దులతో రాతి గుండు తిప్పి, గాలి చూసి తూర్పారబట్టేవాళ్లు. కళ్లం దగ్గరికి కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి అందరూ వచ్చి తమ మేర తీసుకొనిపోయేవాళ్లు. కోసిన చేలో పేద ఆడవాళ్లు పరిగె ఏరుకొనేవాళ్లు. మిగిలిన రాగి పాతరలో పడేది. రాగికి పురుగు తొందరగా పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. 1876-78 నాటి ధాత కరువు గురించి విన్న పెద్దవాళ్లు పాతర ఖాళీగా ఉంటే నిద్రపోయేవాళ్లు కాదట.

తర్వాత కళ్లం తారు రోడ్డు మీదికి వచ్చింది. రాగి కంకులను రోడ్డుమీద పరిస్తే బస్సులు, లారీలే గుండు పని చేసేవి. బైకులవాళ్లు జారిపడేవాళ్లు. అధికారులు వద్దని చెప్తూనే ఉంటారు, ఇప్పటికీ కొన్నిచోట్ల పరుస్తూనే ఉంటారు!

మిషన్ రావడానికి ముందు మనుషులు పోయారని నాకు అనిపిస్తుంది. గనులు మూతపడ్డాక మారికుప్పం, బంగారుపేట నుంచి తెల్లవారకముందే రైలెక్కి వేలమంది బెంగళూరు పనులకు పోతున్నారు. పల్లెల్లో చదువుకున్న పిల్లలను నరసాపుర వైపు కంపెనీల బస్సులు తీసుకొనిపోతాయి. ఇక కొడవలి పట్టడానికి మిగిలింది మా అవ్వ వయసువాళ్లే.

కోత, నూర్పిడి ఒకే మిషన్‌లో చేసే ఆలోచన పాతదే. అమెరికాలో హైరం మూర్ అనే ఆయన 1830లలోనే అలాంటిది తయారుచేశాడు, దాన్ని గుర్రాలు లాగేవి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944లో మాసీ-హారిస్ కంపెనీ మిషన్లు 500 దాకా అక్కడ గోధుమ పండే కొద్దీ దక్షిణం నుంచి ఉత్తరానికి కోసుకుంటూ పోయాయి. మన దేశంలో 1980లో పంజాబ్‌లో స్వరాజ్ మిషన్ తయారైంది. అప్పటినుంచి పంజాబ్‌వాళ్లు రాష్ట్రాలు దాటి బాడుగకు కోస్తున్నారు.

మా ఊరికి వచ్చేవాళ్లు తమిళనాడులో సేలం, నామక్కల్ వైపువాళ్లు. ఒక మిషన్‌కు డ్రైవర్లు ఇద్దరు, సహాయకుడు ఒకడు. కావేరి డెల్టాలో కురువై వరి కోత అయిపోయాక, దీపావళి దాటిన తర్వాత మిషన్‌ను లారీ మీద ఎక్కించుకొని ఇటు వస్తారు. వచ్చిన రోజే కోయరు. బ్లేడ్లు చూస్తారు, బెల్టులు బిగిస్తారు, గ్రీసు పెడతారు. వరికి వాడిన జల్లెడ తీసి రాగికి సన్నది వేస్తారు. రాగి గింజ చిన్నది కదా, ఫ్యాను గాలి తగ్గించకపోతే పొట్టుతోపాటు గింజ కూడా ఎగిరిపోతుంది. నిమ్మకాయ కట్టి, గుమ్మడికాయ కొట్టి స్టార్ట్ చేస్తారు. ఊళ్లో ఒక బ్రోకర్ ముందే తిరిగి పక్కపక్క చేలన్నీ మాట్లాడిపెడతాడు, లేకపోతే మిషన్ తిరగడానికే డీజిలంతా అయిపోతుంది. లెక్క గంటకు. మీటరు మీద అందరి కళ్లూ ఉంటాయి.

ఆ డ్రైవరన్న ఒక మాట చెప్పాడు. వాన పడి పని లేకపోయినా తిండి, అప్పు కంతు ఆగవు, అందుకే ఆకాశం చూస్తూ కూర్చుంటామని. మా రైతులదీ అదే బాధ. 2021 నవంబరులో విడవకుండా వానలు కురిసి జిల్లాలో రాగి నేలకు ఒరిగింది, కంకిలోనే మొలకలెత్తింది. ఒరిగిన పైరును మిషన్ సరిగ్గా ఎత్తలేదు. తడి చేలో టైరు మిషన్ దిగబడుతుంది, అప్పుడు చెయిన్ మిషన్ కావాలి, దానికి బాడుగ జాస్తి. ఎకరం కోయడానికి రోజులు పట్టే పని గంటల్లో అయిపోతుంది నిజమే. ఆ గంటలు దొరకడమే కష్టం.

గడ్డి సంగతి ఇంకొకటి. మా వైపు పాలే నెలనెలా చేతికి డబ్బు ఇచ్చేది. ఆవులకు ఏడాది పొడుగునా రాగి గడ్డే కావాలి. కొడవలితో కోస్తే దుబ్బు మొదలు దాకా గడ్డి వస్తుంది. మిషన్ పైకి కోస్తుంది, మిగిలింది ముక్కలై చేలో పడుతుంది. దాన్ని ఏరి మోపు కట్టడం ఎవరివల్లా కాదు. కూలి మిగిలిందని సంతోషపడినవాళ్లు వేసవిలో గడ్డి కొనడానికి తిరిగారు. కూలికి పోయే ఆడవాళ్లకు కోత నెల కూలి పోయింది, పరిగె కూడా పోయింది. మిషన్ బాడుగ లెక్కలో ఇవి ఎవరూ రాయరు.

పోయిన సంవత్సరం మా తాత రోడ్డు పక్క చేను మిషన్‌కు ఇచ్చాడు. కొట్టం వెనకున్న అర ఎకరం మాత్రం ముయ్యికి నలుగురిని పిలిచి కొడవలితో కోయించి, వామి వేశాడు. మిషన్ లారీ సంక్రాంతి ముందే సాంబా వరి కోతకు డెల్టా వైపు తిరిగిపోయింది. ఆ వామిలో గడ్డి ఉగాది దాటేదాకా మా రెండు ఆవులకు సరిపోయింది.