పట్టా నుంచి విడివడిన కోర్సు: విషయం, భాష, గుర్తింపు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ కోర్సును పట్టా చట్రం నుంచి విడదీసి, వేర్వేరు శాస్త్రాల నుంచి ఒక్కొక్కటిగా ఎంచుకొని ఆన్‌లైన్‌లో చదవడం నేడు పరిపాటి అయింది. ఇది అంతర్జాలం తెచ్చిన కొత్త పద్ధతిగా కనిపించినా, దీని వెనుక నూటయాభై ఏళ్లకు పైబడిన సంస్థాగత చరిత్ర ఉంది. విషయాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ, స్వభాషలో బోధన, విశ్వవిద్యాలయ గుర్తింపు అనే మూడూ తెలుగు అభ్యాసకునికి వేర్వేరు కాలాల్లో విడివిడిగా లభించాయే కాని, ఒక్కచోట పూర్తిగా సమకూరలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విడికోర్సు, క్రెడిట్, సార్వత్రిక విశ్వవిద్యాలయం, విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, స్వయం, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:
"ఏం కోర్సు చదువుతున్నావు?" అని అడిగితే మన విద్యార్థి "బి.కాం." అనో "బి.ఎస్సీ." అనో చెబుతాడు. అంటే మన వాడుకలో కోర్సు అన్నది పట్టా మొత్తానికి పేరు. అందులోని ఒక్కొక్క పాఠ్యభాగాన్ని 'సబ్జెక్టు' అనో, 'పేపరు' అనో అంటాం. పేపరు అంటే పరీక్షాపత్రం. చదివే విషయానికి పరీక్షాపత్రం పేరే స్థిరపడటం గమనించదగినది. మన ఉన్నతవిద్య పరీక్ష చుట్టూ నిర్మితమైన తీరు ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది.

పట్టాతో నిమిత్తం లేకుండా విడిగా చేరి, విడిగా పూర్తిచేసి, విడిగా లెక్కకు వచ్చే పాఠ్యక్రమాన్ని ఈ వ్యాసంలో 'విడికోర్సు' అని వ్యవహరిస్తున్నాం. వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఒక సెమిస్టరులో మనోవిజ్ఞానశాస్త్రాన్నీ, మరొక సెమిస్టరులో పురావస్తుశాస్త్రాన్నీ ఇలా చదవవచ్చు. ఈ అవకాశం ఎలా ఏర్పడింది? అందులో తెలుగు మాధ్యమ విద్యార్థి స్థానం ఏది? ఈ రెండు ప్రశ్నలే ఈ పరిశీలనకు ఆధారం.

2. పరీక్షే ప్రధానమైన విశ్వవిద్యాలయం:
1836లో ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయం 1858 నాటి అధికారపత్రం ద్వారా తన పరీక్షలను ఎక్కడ చదివినవారికైనా అందుబాటులోకి తెచ్చింది. బోధన ఒకచోట, పరీక్ష మరొకచోట జరగవచ్చన్న సూత్రం దీనితో బలపడింది. నేటి దూరవిద్యకు ఇది తొలి మెట్లలో ఒకటి.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో నెలకొన్న విశ్వవిద్యాలయాలకు లండన్ నమూనాయే ఆదర్శం. అవి ప్రారంభంలో బోధించే సంస్థలు కావు. అనుబంధ కళాశాలల విద్యార్థులకు పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే సంస్థలు. కోస్తా, రాయలసీమ ప్రాంతాల కళాశాలలు దీర్ఘకాలం మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. ఈ వ్యవస్థలో గుర్తింపు అంతా నిర్ణీత పరీక్షలో ఉత్తీర్ణతకే దక్కింది. ఒక్క విషయాన్ని ఇష్టంతో లోతుగా చదివినా, మొత్తం పరీక్షలో తప్పితే ఆ చదువు పట్టాకు పనికివచ్చేది కాదు. చోటు మారినా చదువు సాగే వీలు కల్పించిన నమూనాయే, పట్టాను విడదీయరాని కట్టగా కూడా మిగిల్చింది.

3. పట్టాకు వెలుపల బహుశాస్త్ర పఠనం:
పట్టాతో సంబంధం లేకుండా వివిధ శాస్త్రాలను చదవాలన్న ఆకాంక్ష తెలుగునాట విశ్వవిద్యాలయం బయట రూపుదిద్దుకొంది. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. తరువాత అది మద్రాసుకు మారింది. చరిత్ర, జీవితచరిత్ర, ప్రకృతిశాస్త్రాలు, అర్థశాస్త్రం మొదలైన విభిన్న రంగాల గ్రంథాలను ఈ సంస్థ తెలుగులో ప్రచురించింది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రకు సంబంధించిన రచన, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్ర గ్రంథం ఈ సంస్థ ద్వారానే పాఠకులకు చేరాయి.

ఇంగ్లీషు కళాశాల మెట్లు ఎక్కని పాఠకుడు కూడా ఒక నెల చరిత్రను, మరొక నెల జీవశాస్త్రాన్ని తన భాషలో చదవగలిగాడు. విషయస్వేచ్ఛ ఉంది, భాష ఉంది. లేనిది విశ్వవిద్యాలయ గుర్తింపు. ఆ పఠనానికి ఉద్యోగార్హతగా గాని, పై చదువుకు ప్రవేశార్హతగా గాని విలువ లేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచియే తొలి ఉపాధ్యక్షుడైనారు. అయినా గ్రంథమండలి పాఠకుని చదువుకు, విశ్వవిద్యాలయ పట్టాకు నడుమ వంతెన ఏర్పడలేదు.

4. చదువుకు కొలమానం:
ఆ వంతెనకు కావలసిన కొలమానం అమెరికాలో ఏర్పడింది. 1869 నుంచి 1909 వరకు హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉన్న ఛార్లెస్ ఎలియట్, నిర్బంధ పాఠ్యక్రమం స్థానంలో ఐచ్ఛిక విధానాన్ని విస్తరింపజేశారు. ప్రతి విద్యార్థీ వేర్వేరు కోర్సులు తీసుకొంటే పట్టాకు సరిపడా చదివాడో లేదో తేల్చడం ఎలా? కోర్సులను లెక్కించడానికి ఒక ప్రమాణం అవసరమైంది.

ఆ ప్రమాణం స్థిరపడటంలో అధ్యాపకుల పింఛన్ల పాత్ర ఉండటం చరిత్రలోని ఒక విశేషం. 1905లో ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్ కళాశాల అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వడానికి పూనుకొంది. అందుకు అర్హత పొందాలంటే కళాశాలలు తమ ప్రవేశార్హతను ఉన్నతపాఠశాల చదువు యూనిట్లలో నిర్దేశించాలి. ఒక విషయంలో ఏడాదికి సుమారు 120 గంటల బోధన ఒక యూనిట్. 1910లో అదే సంస్థ ప్రచురించిన మోరిస్ కుక్ నివేదిక కళాశాల బోధననూ గంటల్లో కొలవాలని సూచించింది. 'క్రెడిట్' అన్న భావన ఇలా వేళ్లూనుకొంది. గంటల లెక్క జ్ఞానానికి సరైన కొలత కాదన్న విమర్శ నాటి నుంచీ ఉంది. కాని ఆ కొలత లేకుంటే ఒక కోర్సును ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు, ఒక శాస్త్రం నుంచి మరొక శాస్త్రానికి బదిలీ చేసే వీలుండేది కాదు.

5. సార్వత్రిక విశ్వవిద్యాలయం – తెరిచిన ద్వారం:
దూరవిద్యను, క్రెడిట్‌ను ఒకచోట చేర్చి విస్తృతంగా నడిపినది బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ. 1969లో అధికారపత్రం పొందిన ఈ సంస్థ 1971లో తొలి విద్యార్థులకు బోధన ప్రారంభించింది. పూర్వార్హతలు అడగలేదు. ఒక ఏడాది పూర్తికోర్సుకు ఒక క్రెడిట్. ఆరు క్రెడిట్లకు సాధారణ పట్టా, ఎనిమిదింటికి ఆనర్స్. వేర్వేరు విభాగాల కోర్సులను కలుపుకొని పట్టాను కూర్చుకోవచ్చు.

భారతదేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు ఆరంభించింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ బాట పట్టింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో కొనసాగుతోంది. దాని తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి.

ఇంటర్మీడియట్ చదవనివారు సైతం అర్హతపరీక్ష రాసి పట్టా చదువులో చేరే అవకాశాన్ని ఈ సంస్థ కల్పించింది. పాఠాలను తెలుగులో ముద్రించి అందించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు సమకూర్చిన పాఠ్యగ్రంథాలూ పరిభాషా తెలుగులో బోధనకు అప్పటికే ఒక పునాది వేశాయి. గ్రంథమండలి పాఠకునికి దక్కని గుర్తింపు ఇక్కడ దక్కింది, భాష నిలిచింది. అయితే ప్రధాన ద్వారం పట్టాయే. కోరిన ఒక్క విషయాన్ని మాత్రమే చదివి, దాని విలువను దాచుకొని, మరొక సంస్థకు తీసుకువెళ్లే ఏర్పాటు అప్పటికి లేదు.

6. తెర మీది కోర్సు:
2001లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన కోర్సుల పాఠ్యసామగ్రిని అంతర్జాలంలో ఉచితంగా ఉంచుతామని ప్రకటించింది. పాఠం ఉచితం, క్రెడిట్ లేదు. ఆ సంస్థ తెరిచినది గ్రంథాలయాన్ని, పరీక్షామందిరాన్ని కాదు. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమమేధపై ఆన్‌లైన్‌లో ఉచితంగా నడిపిన కోర్సులో సుమారు 1,60,000 మంది నమోదయ్యారు. పూర్తిచేసినవారు అందులో చిన్న భాగమే. వారికి అందినది పూర్తిచేసినట్లు తెలిపే పత్రమే కాని విశ్వవిద్యాలయ క్రెడిట్ కాదు. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వేదికలు వచ్చాయి. వందేళ్ల కిందటి గ్రంథమండలి పాఠకుని స్థితే ఇక్కడ మరో రూపంలో ఎదురైంది: కోరిన విషయం చేతికందింది, గుర్తింపు అందలేదు.

మన దేశంలో 2003లో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞానసంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. కార్యక్రమం చేపట్టాయి. దృశ్యపాఠాలతో మొదలైన ఈ కార్యక్రమం 2014 నుంచి ధ్రువీకరణ కోర్సులను నిర్వహిస్తోంది. చేరడం, చదవడం ఉచితం. పరీక్షకు మాత్రమే రుసుము. వారం వారం ఇచ్చే అభ్యాసాలకు 25, పర్యవేక్షణలో జరిగే పరీక్షకు 75 వంతున మార్కులుంటాయి. లండన్ విశ్వవిద్యాలయం విడదీసిన బోధన, పరీక్ష ఇక్కడా విడివిడిగానే ఉన్నాయి. మారినదల్లా పరీక్ష పట్టాకు కాక ఒక్క కోర్సుకు జరగడమే.

7. గుర్తింపు వచ్చింది – భాష మాటేమిటి?:
విడికోర్సుకు విశ్వవిద్యాలయ గుర్తింపు చట్టబద్ధంగా లభించిన ఘట్టాలు మూడు. 2016లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం వేదిక ద్వారా చదివే వీలు కల్పించాయి. 2017 జులై 9న ఆ వేదిక లాంఛనంగా ప్రారంభమైంది. 2021 నిబంధనలు ఈ పరిమితిని 40 శాతానికి పెంచాయి. అదే ఏడాది వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు, సంపాదించిన క్రెడిట్లను సాధారణంగా ఏడేళ్ల వరకు దాచుకొనే ఏర్పాటు చేశాయి. 'పేపరు' ఎట్టకేలకు 'కోర్సు' అయింది.

తగిన అధ్యాపకులు లేని కళాశాలల్లో, ఐచ్ఛిక విషయాలు బోధించే వసతి లేని చోట స్వయం కోర్సులను వినియోగించుకోవచ్చునన్న ఆలోచన ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే ఈ అవకాశం ఎక్కువ అవసరమైనది చిన్న పట్టణాల కళాశాలలకు. అక్కడి విద్యార్థుల్లో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు అధికం. స్వయం కోర్సుల్లో మాత్రం ఆంగ్లానిదే ఆధిక్యం. ఎన్.పి.టి.ఇ.ఎల్. కొన్ని కోర్సుల పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించింది. ఇది విలువైన ప్రయత్నం. కాని అనువాదం పాఠాన్ని విద్యార్థి దగ్గరకు తెచ్చినంత మాత్రాన సరిపోదు. అభ్యాసాలు, చర్చ, పరీక్ష కూడా ఆ భాషలో సాగినప్పుడే క్రెడిట్ అతనికి చేరువవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. సాంకేతిక శాస్త్రాలకు ఆంగ్లం ఎలాగూ అవసరం కనుక విడికోర్సులూ ఆంగ్లంలోనే ఉండటం మేలన్న వాదన ఉంది. సొంత శాస్త్రంలో పరిభాష కొంత పరిచయమైన విద్యార్థి ఆంగ్ల పాఠాన్ని ఏదోవిధంగా అందుకోగలడు. తనది కాని శాస్త్రంలో అడుగుపెట్టేవాడికి విషయమూ కొత్తే, పరిభాషా కొత్తే. భాష కూడా అడ్డమైతే భారం మూడింతలవుతుంది. అందువల్ల వేర్వేరు శాస్త్రాల నుంచి కోర్సులు ఎంచుకొనే స్వేచ్ఛకు స్వభాష మరింత అవసరం. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి కృషి దీనినే ఆచరణలో చూపింది.

8. ముగింపు:
మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపును ఇచ్చింది. విషయాన్నీ భాషనూ తానే నిర్ణయించింది. గ్రంథమండలి విషయాన్నీ భాషనూ ఇచ్చింది. గుర్తింపు ఇవ్వగల స్థితి దానికి లేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం భాషనూ గుర్తింపునూ కలిపింది; కోర్సును పట్టా నుంచి విడదీయలేదు. నేటి ఆన్‌లైన్ వ్యవస్థ విషయాన్నీ గుర్తింపునూ కలిపి, భాషను వెనుక వదిలింది.

ఈ లోటును పూరించే సామగ్రి తెలుగులో లేకపోలేదు. అకాడమి గ్రంథాలు, పరిభాషా కోశాలు, సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకాలు, తెలుగులో బోధించడంలో అనుభవం గడించిన అధ్యాపకులు ఉన్నారు. వీటిని ఆధారం చేసుకొని తెలుగులో బోధించి, తెలుగులో పరీక్షించి, క్రెడిట్ ఇచ్చే కోర్సులను మన విశ్వవిద్యాలయాలు రూపొందించవలసి ఉంది. ఏ శాస్త్రంలో వాటిని ముందుగా ఆరంభించాలో, పరీక్షను ఏ విధంగా నిర్వహించాలో నిర్ణయించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాల పాఠ్యమండళ్లది. ఆ మండళ్లలో కూర్చొనే అధ్యాపకులది.