అంట్ల గిన్నె నుంచి గద్వాల అంచు దాకా

(స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



ఇవాళ కాస్త చరిత్ర చెప్పుకుందాం. చరిత్ర అనగానే రాజులూ, కోటలూ, యుద్ధాలూ గుర్తుకొస్తాయి మనకు. నేను చెప్పబోయేది నీటి చరిత్ర. అదీ నదుల్లో పారే నీళ్ళది కాదు. బట్టలోకి ఎక్కే నీళ్ళు, వత్తిలోకి ఎక్కే నూనె, అంట్ల గిన్నెలో తేలే జిడ్డు. వీటితో రోజూ వేగేది మనమే. అయినా వీటి చరిత్ర రాసినప్పుడు మన ప్రస్తావన ఎక్కడో ఒక్కచోట తప్ప పెద్దగా రాలేదు. ఆ ఒక్కచోటు గురించే ఈ ప్రసంగం.

ముందు విషయం ఏమిటో చూద్దాం. గిన్నెలో నిలిచిన నీటిపైన పొడి సూదిని మెల్లగా పడుకోబెడితే మునగదు, తేలుతుంది. ఇనుము నీటికన్నా బరువే కదా, ఎందుకు తేలాలి? నీటిలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. లోపలున్నదానికి అన్ని వైపులా చుట్టాలే. పైనున్నదానికి పైవైపు దిక్కు లేదు, అందుచేత పక్కవాటినే గట్టిగా పట్టుకుంటుంది. అలా నీటి పైభాగం బిగించి కట్టిన గుడ్డలా ఉంటుంది. దీన్నే తలతన్యత అన్నారు. సన్నని సందు దొరికితే నీరు దాని గోడలను అంటిపెట్టుకుని పైకి పాకుతుంది. అది కేశనాళికీయత. పేరు నోరు తిరగకపోయినా పని మనకు తెలిసిందే. దీపం వత్తి చేసేది అదే, తడిగుడ్డ చేసేది అదే.

ఈ సంగతి చేతులతో తెలిసినవాళ్ళు మన పాలమూరులోనే ఉన్నారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న సీమను నడిగడ్డ అంటారు. అక్కడిది గద్వాల. పక్కనే వనపర్తి, ఆ పైన నాగర్‌కర్నూలు వైపు కొల్లాపురం. మూడూ నిజాం కింద సంస్థానాలుగా వెలిగిన చోట్లు. 2016లో మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి. గద్వాల సంస్థానాన్ని చివరి రోజుల్లో ఏలింది ఒక మహారాణి, ఆదిలక్ష్మీ దేవమ్మ గారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు పంపే ఆచారం సంస్థానం నాటినుంచీ వస్తున్నదే.

గద్వాల చీర సంగతి మీకు వేరే చెప్పాలా? ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. నూలుకూ పట్టుకూ నీటితో వరస ఒకటి కాదు. పచ్చి నూలు మీద నూటికి ఒక పాలు కూడా లేని మైనం పొర ఉంటుంది. ఆ కాస్తే చాలు, నీళ్ళు లోపలికి పోనివ్వకుండా బొట్లుబొట్లుగా నిలబెట్టడానికి. అందుకే చిలపలను నానబెట్టి, తొక్కి, ఉడికించి గాని రంగులో ముంచరు. పచ్చి పట్టు మీద బంక ఉంటుంది. దాన్ని సబ్బునీళ్ళలో మరిగించి తీస్తేనే ఆ మెత్తదనం, ఆ మెరుపు. ఇక పడుగుకు గంజి పెడతారు. గంజి పోగుల మధ్య సందులు నింపి, వాటిని కలిపి పట్టి ఉంచుతుంది. కొత్త నేతచీర మొదటి ఉతుకులో నీళ్ళు పీల్చుకోనని మొరాయించేది ఈ గంజి మూలానే. రెండు మూడు ఉతుకులయ్యాక సందులు తెరుచుకుంటాయి, చీర చెమట పీల్చి ఒంటికి చల్లగా ఉంటుంది.

ఇంత భిన్నమైన రెండింటినీ ఒక్క చీరలో కలపాలంటే మాటలా? మూడు నాడెలతో నేస్తారు. ఒంటికి ఒకటి, రెండు అంచులకూ రెండు. ప్రతి పేకకూ ఒంటి పోగు అంచు పోగును కొక్కెంలా పట్టుకునేట్టు వేస్తారు. దీన్నే కుప్పడం నేత అంటారు. మగ్గం మీద కూర్చున్నవాడి పేరైనా ఊళ్ళో నలుగురికీ తెలుస్తుంది. కండెలు చుట్టేది, చిలపలు విప్పేది, గంజి కాచేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు. ఆ పనికి పేరూ లేదు, వేరే కూలీ లెక్కా లేదు. ఇంటిపనిలో కలిసిపోతుంది.

ఇప్పుడు సముద్రం దాటి వెళదాం. సన్నని గొట్టంలో నీరు ఎందుకు ఎక్కుతుందని ఐరోపాలో చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. గొట్టంలోపల గాలి ఒత్తిడి తక్కువేమో అనుకున్నారు కొందరు. 18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాలి తీసేసిన చోట కూడా నీరు అంతే ఎక్కుతుందని చూపించాడు. 1718లో జేమ్స్ జూరిన్ గొట్టం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తు ఎక్కుతుందని లెక్క కట్టాడు. ఒక మిల్లీమీటరు రంధ్రంలో సుమారు 3 సెంటీమీటర్లు, అందులో పదో వంతు రంధ్రంలో 30 సెంటీమీటర్లు అన్నమాట. 1805, 1806 నాటికి ఇంగ్లండులో థామస్ యంగ్, ఫ్రాన్సులో లాప్లాస్ దీనికి సిద్ధాంతం కట్టారు. అందరూ మగవాళ్ళే, అందరూ పండితులే.

తరువాత వస్తుంది మనం ఎదురుచూస్తున్న మనిషి. పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో పుట్టింది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో ఆడపిల్లల బడిలో చదివింది. భౌతికశాస్త్రమంటే ప్రాణం. కాని ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళను చేర్చుకునేవి కావు. జబ్బుపడిన తల్లిదండ్రులకు సేవ చెయ్యడం, వంట, అంట్లు, అదీ ఆమె జీవితం. తమ్ముడు గోటింగెన్‌లో చదువుకుంటూ పుస్తకాలు పంపేవాడు.

అంట్లు కడిగేటప్పుడు జిడ్డు నీటిపైన ఎలా పరుచుకుంటుందో, నీటి పైభాగం ఎలా మారిపోతుందో ఆమె గమనించింది. మనమూ చూస్తాం, విసుక్కుని పారబోస్తాం. ఆమె కొలవాలనుకుంది. ఇరవై ఏళ్ళ వయసులో వంటింట్లోనే ఒక సాధనం చేసుకుంది. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు ఉన్న రేకు తొట్టి. అంచుదాకా నీళ్ళు. పైన అడ్డంగా జరిపేందుకు ఒక రేకుముక్క. దాన్ని జరిపితే నీటిపైన చోటు ఇరుకవుతుంది, విశాలమవుతుంది. బొత్తామంత చిన్న బిళ్ళను త్రాసుకు కట్టి, నీటినుంచి పైకి లాగడానికి ఎంత బరువు కావాలో తూచింది. అదే తలతన్యత కొలత. జిడ్డుపొరను ఒక హద్దు దాకా ఇరికించినా కొలత మారదు, ఆ హద్దు దాటగానే చప్పున పడిపోతుంది. ఇది ఆమె కనిపెట్టిన రహస్యం.

సుమారు పదేళ్ళు ఈ పని సాగింది. వినేవాళ్ళు లేరు. చివరికి 1891 జనవరిలో ఇంగ్లండులోని గొప్ప శాస్త్రవేత్త లార్డ్ రేలీకి జర్మన్‌లో ఉత్తరం రాసింది. ఆయన కూడా అదే విషయం మీద పనిచేస్తున్నాడు. పక్కన పడేసి ఉంటే అడిగేవాళ్ళెవరు? కాని ఆయన పెద్దమనిషి. తన భార్య చేత ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, ప్రచురించమని ‘నేచర్’ పత్రికకు పంపాడు. మార్చి 12న అచ్చయింది. ఒక ఆడమనిషి రాసింది, ఇంకొక ఆడమనిషి తర్జుమా చేసింది! ఆ హద్దు దగ్గర జిడ్డుపొర మందం ఒకే ఒక్క అణువంతని తరువాత రేలీ వివరించాడు. ఆ దారినే వెళ్ళి, ఆమె తొట్టినే మెరుగుపరుచుకున్న అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయం పోకెల్స్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్ళు. 1935లో కన్నుమూసింది.

మన దేశంలోనూ ఈ విషయాన్ని పట్టుకున్నవారున్నారు. సి.వి. రామన్ కుర్రతనంలో, 1907లో, తలతన్యతను కొలిచే పద్ధతి మీద వ్యాసం అచ్చువేశారు.

ఇదంతా మన బీరువాకు ఎలా పనికొస్తుందంటారా? చెబుతాను. మామూలు నీటికి తలతన్యత 73 ప్రమాణాల దాకా ఉంటే, సబ్బు కలిపాక అందులో సగం కన్నా తక్కువకు దిగుతుంది. అందుకే సబ్బునీరు సందుల్లోకి దూరి మురికిని లాగుతుంది. అంచు రంగు వదిలేదైతే ఆ రంగునూ లాగుతుంది. తడి గద్వాల చీరను మడతపెట్టి ఉంచారనుకోండి, నూలు సందులగుండా నీరు పొడి వైపు పాకుతూ ఎర్రంచు రంగును తెల్లని ఒంట్లోకి మోసుకుపోతుంది. కనుక నానబెట్టవద్దు, తడిపిన వెంటనే పరిచి నీడన ఆరవెయ్యండి. నూనె మరక పడితే రుద్దకుండా ముఖానికి రాసుకునే పౌడరు చల్లి కాసేపు ఉంచండి. ఆ పొడి సందులు నూనెను పీల్చుకుంటాయి.

నాగర్‌కర్నూలు, వనపర్తి చేలల్లో వేరుశనగ చాళ్ళ మధ్య గుంటక తోలడంలోనూ ఈ సూత్రం ఉంది. కలుపు పోవడమే కాదు, పైమట్టి పొడిపొడిగా అయి, కిందితేమ పైకి ఎక్కే సన్నదారులు తెగుతాయి.

గద్వాల చీరకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని మరమగ్గం నకలు చవగ్గా దొరికితే మనం అటే మొగ్గుతాం. కొనేటప్పుడు ఒక్కసారి అంచు తిప్పి, వెనకవైపు నూలూ పట్టూ కలిసే చోట చూడండి. పోగుపోగుకూ పడిన ఆ ముడిలో ఒకరి చెయ్యి ఉంది, దాని వెనక గంజి కాచి కండెలు చుట్టిన ఇంకొకరి చెయ్యి ఉంది. ధర దగ్గర బేరమాడే ముందు ఆ రెండో చేతిని కూడా లెక్కలో వేసుకోండి. పోకెల్స్ పని లోకానికి తెలియడానికి పదేళ్ళు పట్టింది. వీళ్ళ పని తెలుసుకోవడానికి మనకు అంగట్లో ఒక్క నిమిషం చాలు.