నరసరావుపేట లోక్‌సభ స్థానం పుట్టుపూర్వోత్తరాలు

పల్నాడుకు పార్లమెంటులో గొంతుకగా నిలిచిన నరసరావుపేట నియోజకవర్గం 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే కనిపించినా, దాని ఉనికి ఏకధాటిగా సాగలేదు. ఆంధ్ర జిల్లాలింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో కాంగ్రెసుకు ఇక్కడ ఎదురుగాలి వీచగా, నరసరావుపేటలో చాపలమడుగు రామయ్య చౌదరి, పక్కనే గుంటూరులో ఎస్.వి. లక్ష్మీనరసింహం స్వతంత్రులుగా గెలిచారు.

1957 నాటికి ఈ స్థానమే లేదు. జనాభా లెక్కలను బట్టి నియోజకవర్గాల ఎల్లలను తిరిగి నిర్ణయించే పునర్విభజనలో దాని పేరు జాబితా నుంచి తొలగి, మార్కాపురం కొత్తగా చేరింది. 1962లో అక్కడ కమ్యూనిస్టు నాయకుడు గుజ్జుల యల్లమందారెడ్డి నెగ్గారు. 1967లో నరసరావుపేట మళ్లీ లేచి నిలవగా, రెండు ఎన్నికలే చూసిన మార్కాపురం స్థానం శాశ్వతంగా కనుమరుగైంది. స్థానాల రద్దుకు పరిహారం ఇచ్చిన సందర్భమూ చరిత్రలో ఉంది: 1801లో ఐర్లండు పార్లమెంటు బ్రిటన్‌లో విలీనమైనప్పుడు రద్దయిన బరోలకు, అంటే ప్రతినిధిని పంపే హక్కున్న పట్టణాలకు, ఒక్కొక్కదానికి 15,000 పౌండ్ల చొప్పున పరిహారం ముట్టింది. ఆ సొమ్ము ఓటర్లకు కాక, బరోను సొంత ఆస్తిగా చెలాయించుకున్న ప్రభువులకే చేరిందనుకోండి. ఇక్కడ స్థానం పోయినా అడిగే హక్కుదారు లేడు.

పునరుద్ధరించిన స్థానంలో 1967, 1971లలో మద్ది సుదర్శనం గెలిచారు. 1977లో మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి రావడంతో దీనికి దేశవ్యాప్త గుర్తింపు దక్కింది. ఆ ఊపు తగ్గాక నియోజకవర్గం బయటివారికి ఆశ్రయమైంది: 1998లో రోశయ్య, 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2004లో మేకపాటి రాజమోహనరెడ్డి ఇక్కడి నుంచే ఢిల్లీ వెళ్లారు, వీరిలో చివరి ఇద్దరూ నెల్లూరు వారే.

2008 పునర్విభజనలో ఈ స్థానం కింద మాచర్ల, గురజాల, వినుకొండ, నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట, పెదకూరపాడు అనే ఏడు శాసనసభా స్థానాలు కుదిరాయి. పూర్వం పల్నాడంటే గురజాల, మాచర్లల పల్నాడు తాలూకాయే; నరసరావుపేటది వేరే తాలూకా. అయినా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ప్రభుత్వం ఈ నియోజకవర్గపు ఎల్లలనే తీసుకుని, నరసరావుపేటను కేంద్రంగా నిలిపింది. అందుకే పెదకూరపాడు స్థానంలోని అమరావతి పట్టణం కూడా పల్నాడు జిల్లాలోకే వచ్చింది.